మాంసపు మందలో ఎద సూది: ఏ ఆంబోతును ఎంచుకోవాలి, చూలు నిలవాలంటే ఏ పద్ధతి మేలు?

మాంసం కోసం పశువులు పెంచేవాళ్లు ఎద సూదికి, అంటే నిల్వ చేసిన వీర్యంతో చూలు కట్టించడానికి, దిగుతూనే అడిగే మొదటి ప్రశ్న: "ఏ ఆంబోతు మంచిది?" కేటలాగ్ తిరగేస్తే అన్నీ మంచివే అనిపిస్తాయి. నిగనిగలాడే ఒళ్లు, వెడల్పాటి వెన్ను, పక్కన అంకెల వరస. రెండో ప్రశ్న మూడు వారాల తర్వాత వస్తుంది: "ఇన్ని ఆవులు చూలు నిలవక మళ్లీ ఎదకు ఎందుకు వచ్చాయి?"

ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి, చూలు నిలవకపోగానే ఆంబోతును మార్చేవాళ్లు చాలామంది. నా ఉద్దేశంలో వీటిని విడదీసి చూడాలి. పుట్టే దూడ ఎలాంటిది అన్నది ఆంబోతు ఎంపికలో తేలుతుంది. అసలు దూడ పుడుతుందా అన్నది మాత్రం ఎక్కువగా ఆవు ఒంటి పుష్టి, సూది వేసిన టైం, వేసిన చెయ్యి తేలుస్తాయి. ఖర్చు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఈ తేడాను బట్టే నిర్ణయించుకోవాలి.

ముందు పెయ్యల సంగతి తేల్చుకోండి

కేటలాగ్ తెరవకముందే ఒక నిర్ణయం జరగాలి. పుట్టే ఆడదూడల్ని మందలో ఉంచుకుంటారా, మగవాటితో పాటు అమ్మేస్తారా?

అన్నీ అమ్మేసేదైతే పని సులువు. తల్లి గుణాలతో, పాలతో మీకు పని లేదు. దూడ సులువుగా పుట్టాలి, వేగంగా పెరగాలి, కోతలో మాంసం బాగా దిగాలి. షరోలే, లిమొసిన్ లాంటి కండ పట్టే జాతుల్ని ఇలాంటి చోటే వాడతారు. కొన్ని ఈతలు దాటిన ఆంగస్, హెరిఫర్డ్ సంకర ఆవుల మీద షరోలే వీర్యం వాడితే, వేరు జాతులు కలవడం వల్ల వచ్చే సంకర బలం దూడలకు అదనంగా కలిసొస్తుంది.

పెయ్యల్ని ఉంచుకునేదైతే మాత్రం వేగంగా పెరగడం ఒక్కటే చూసి ఎంచుకోవడం ప్రమాదం. బాగా పెరిగే గుణమున్న ఆంబోతు కూతుళ్లు సాధారణంగా పెద్ద ఆవులవుతాయి, మేత ఎక్కువ తింటాయి. కూతుళ్ల పాలను సూచించే పాల అంకె కూడా మరీ ఎక్కువ ఉంటే, మేత తగ్గిన ఏడాది అవి తమ ఒంటిని కరిగించి దూడకు పాలిస్తాయి. అలా చిక్కిన ఆవు ఎదకు ఆలస్యంగా వస్తుంది. ఇవాళ వాడిన వీర్యంతో పుట్టిన పెయ్య తొలి దూడను ఈని మళ్లీ ఎదకు రావలసిన సమయానికి సుమారు మూడేళ్లు గడుస్తాయి. అప్పుడు చూలు నిలవకపోతే కారణం ఈ కేటలాగ్‌లో ఉందని ఎవరికీ గుర్తుండదు. మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న నిజంగా కలిసే ముఖ్యమైన చోటు ఇది.

అందుకే మేత తక్కువుండే చోట పాల అంకె, పెద్దయ్యాక బరువు అంకె రెండూ మధ్యస్థంగా ఉన్న ఆంబోతుకే నా ఓటు.

మూడు ఆంబోతుల్ని పక్కపక్కన పెడితే

అమెరికా కేటలాగ్‌లలో ఉండే అంకెల్ని ఈపీడీ అంటారు. ఒక ఆంబోతు దూడలు మరో ఆంబోతు దూడల కంటే సగటున ఎంత తేడాగా ఉండొచ్చో చెప్పే అంచనా ఇది. ఒక్క అంకెను విడిగా చూస్తే ఏమీ తెలియదు, రెండు ఆంబోతుల మధ్య తేడాయే చూడాలి. ఆస్ట్రేలియా కేటలాగ్‌లలో ఈబీవీ ఉంటుంది, అంటే ఆ ఆంబోతు సొంత జన్యు విలువ అంచనా. దూడకు తండ్రి నుంచి వచ్చేది సగమే కాబట్టి ఈబీవీలో కనిపించే తేడాను సగం చేసుకుని చదవాలి.

లెక్క తెలియడానికి ఊహించుకున్న మూడు ఆంబోతులివి. మూడూ ఒకే జాతివి అనుకుందాం. బరువులు పౌండ్లలో.

ఆంబోతు ఎ: సులువైన ఈత +14, పుట్టిన బరువు -2, పాలు మాన్పినప్పటి బరువు +55, పాలు +28.
ఆంబోతు బి: సులువైన ఈత +2, పుట్టిన బరువు +3.5, పాలు మాన్పినప్పటి బరువు +85, పాలు +22.
ఆంబోతు సి: సులువైన ఈత +8, పుట్టిన బరువు +1, పాలు మాన్పినప్పటి బరువు +68, పాలు +25.

చూపు ముందు బి మీదికి పోతుంది. పాలు మాన్పేనాటికి దాని దూడ ఎ దూడ కంటే 30 పౌండ్లు, అంటే పదమూడు కిలోలకు పైగా, ఎక్కువ తూగుతుంది. పెద్ద ఆవుల మీద, అన్నీ అమ్మేసే లెక్కలో, బి సరైన ఎంపికే.

అదే బి వీర్యాన్ని తొలిచూలు పెయ్యలకు వేస్తే సంగతి వేరు. సులువైన ఈత అంకెలో ఎ, బిల మధ్య తేడా 12. అంటే వంద తొలిచూలు పెయ్యల్లో, ఎతో పోలిస్తే బి వల్ల మరో పన్నెండింటికి మనిషి సాయం అవసరం కావచ్చు. అన్ని దూడలూ పోవు, కానీ కొన్ని పోతాయి. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. పాలు మాన్పేనాటికి దూడ బరువు 500 పౌండ్లు అనుకుంటే, పుట్టుకలో ఒక్క దూడ పోయిన నష్టం పూడాలంటే 30 పౌండ్లు ఎక్కువ తూగే దూడలు దాదాపు 17 కావాలి. పైగా కష్టపడి ఈనిన పెయ్య మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. కాబట్టి పెయ్యలకు ఎ, సందేహమే లేదు.

మరి సి ఎవరికి? పెయ్యలు, ఆవులు కలిసున్న చిన్న మందకు, ఒకటే రకం స్ట్రాలు (ఒక సూదికి సరిపడా వీర్యం నింపిన సన్నని పుల్లలు) కొనుక్కునేవాళ్లకు. ఏ ఒక్క దాంట్లోనూ మొదటి స్థానం రాని ఇలాంటి ఆంబోతు కేటలాగ్‌లో ఎవరి కంటా పడదు. అయినా చాలా మందలకు సరిగ్గా సరిపోయేది అదే.

ఇక్కడో జాగ్రత్త. సులువైన ఈత అంకెలో పుట్టిన బరువు ముందే కలిసి ఉంటుంది. రెండింటినీ విడివిడిగా పట్టుకుని కూర్చుంటే ఒకే గుణానికి రెండుసార్లు మార్కులు వేసినట్టవుతుంది. ఈత సంగతికి సులువైన ఈత అంకె ఒక్కటి చూస్తే చాలు. అలాగే ఒక జాతి అంకెను ఇంకో జాతి అంకెతో నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే వాటి లెక్క మొదలయ్యే చోటు వేరు. నెబ్రాస్కాలోని క్లే సెంటర్‌లో ఉన్న అమెరికా ప్రభుత్వ మాంస పశు పరిశోధన కేంద్రం ఇందుకోసమే జాతుల మధ్య సర్దుబాటు పట్టిక ఇస్తుంది.

పేరు నిలబెట్టుకున్న ఆంబోతా, కొత్త కోడెనా

ప్రతి ఈపీడీ కింద చిన్న అక్షరాల్లో ఖచ్చితత్వం అని ఇంకో అంకె ఉంటుంది. సున్నా నుంచి ఒకటి వరకు. చాలామంది దాన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. వందల దూడల రికార్డు ఉన్న ఆంబోతుకు అది 0.9 దాటుతుంది, ఇక అంకెలు పెద్దగా కదలవు. జన్యు పరీక్ష మాత్రమే అయిన కోడెకు 0.3, 0.4 దగ్గర ఉంటుంది. దూడలు పుట్టేకొద్దీ దాని అంకెలు పైకీ పోవచ్చు, కిందికీ రావచ్చు.

పెయ్యలకు ఖచ్చితత్వం ఎక్కువున్న పాత ఆంబోతునే వాడండి. ఇక్కడ ప్రయోగాలు వద్దు. ఆవుల మీద కొత్త కోడెల్ని వాడొచ్చు, కానీ ఒక్క దాని మీదే అంతా పెట్టకుండా మూడు నాలుగింటికి పంచితే మేలు. ఒకటి కిందికి జారినా మిగతావి సగటును నిలబెడతాయి.

జన్యు లోపాల సంగతి టూకీగా. ఆంగస్‌లో వంకర దూడల లోపం 2008లో బయటపడ్డాక పెద్ద జాతి సంఘాలు ఇలాంటి వాటికి పరీక్షలు పెట్టాయి. లోపాన్ని మోసే ఆంబోతు, మోసే ఆవు కలిస్తే నాలుగింట ఒక దూడకు ఆ లోపం వచ్చే అవకాశం ఉంటుంది. పరీక్షలో శుభ్రంగా తేలిన ఆంబోతులు కావలసినన్ని ఉన్నప్పుడు, పెయ్యల్ని ఉంచుకునే మందలోకి మోసే ఆంబోతును తెచ్చుకోవాల్సిన పని లేదు.

స్ట్రా ఖరీదు గురించి కూడా ఒక మాట. ఖరీదు పెరిగేది ఆ ఆంబోతుకున్న గిరాకీని బట్టి. ఖరీదైన స్ట్రాతో చూలు ఎక్కువ నిలుస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మామూలు వీర్యమా, ఆడ మగ వేరుచేసిన వీర్యమా

పశువుల వీర్యంలో ఆడదూడనిచ్చే ఎక్స్ కణంలో, మగదూడనిచ్చే వై కణం కంటే దాదాపు 4 శాతం డీఎన్‌ఏ ఎక్కువ ఉంటుంది. ఆ తేడాను యంత్రం పట్టుకుని కణాల్ని వేరుచేస్తుంది. కోరుకున్న దూడ పుట్టే అవకాశం 90 శాతం దగ్గర ఉంటుంది. మాంసపు మందలో మగదూడలు కావాలనుకునేవాళ్లకు, మంచి ఆవుల నుంచి పెయ్యల్ని తీసుకోవాలనుకునేవాళ్లకు ఇది ఆశగానే ఉంటుంది.

కానీ ఆ స్ట్రాలో కణాలు మామూలు దాని కంటే చాలా తక్కువ. యంత్రం గుండా వచ్చేసరికి వాటి ఆయుష్షూ తగ్గుతుంది. అందుకే చూలు నిలిచే శాతం సాధారణంగా తగ్గుతుంది. వాడదలిస్తే ఎద కళ్లారా చూసిన, ఒంటి పుష్టి బాగున్న పశువులకే వాడండి. సూది కూడా మామూలు కంటే కాస్త ఆలస్యంగా, అంటే అండం విడుదలయ్యే సమయానికి దగ్గరగా వేయించండి. మంద మొత్తానికి ఒకే టైం పెట్టి, ఎద రాని వాటికి కూడా ఈ స్ట్రా వేయడం డబ్బు పారబోసుకోవడమే.

చూలు ఎక్కడ జారిపోతుంది

చూలు నిలవడానికి నాలుగు విషయాలు కుదరాలి: ఎదను పట్టుకోవడం, మంద ఆరోగ్యం, వీర్యం, సూది వేసే నేర్పు. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. నాలుగూ 90 శాతం ఉన్నా ఫలితం 66 శాతం దగ్గరే ఆగుతుంది. మిగతా మూడూ అలాగే ఉండి, ఎదను పట్టుకోవడం 60 శాతానికి పడితే మొత్తం 44కి దిగుతుంది. నాలుగింటిలో ఆంబోతు వాటా ఒకటే, అదీ కేంద్రంలో పరీక్షించి నింపిన వీర్యమైతే అక్కడ తేడాలు తక్కువ. అందుకే స్ట్రా మార్చే ముందు మిగతా మూడింటిని తరచి చూడమంటాను.

అన్నిటికన్నా ముందు ఒంటి పుష్టి. మాంసపు పశువులకు 1 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు. ఆవు ఈనేనాటికి 5 లేదా 6, తొలిచూలు పెయ్యలైతే 6 ఉండాలి. నాలుగైదు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టగలిగేలా ఉన్న ఆవుకు ఎంత గొప్ప ఆంబోతు వీర్యం వేసినా లాభం ఉండదు. ఈనిన తర్వాత మేపి పైకి తేవచ్చులే అనుకుంటారు, కానీ పాలిచ్చే ఆవును బరువెక్కించడం కష్టం. ఆ మేత ఈనడానికి రెండు మూడు నెలల ముందే పడాలి.

లెక్క చూడండి. చూలు కాలం సుమారు 283 రోజులు. ఏడాదికో దూడ రావాలంటే ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూలు నిలవాలి. దూడ పాలు తాగుతున్నంత కాలం ఎద కొంత అణిగి ఉంటుంది. తొలి ఈత ఆవుల్లో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ, అవి ఒకవైపు దూడకు పాలిస్తూ మరోవైపు తామూ పెరుగుతుంటాయి. అనుభవమున్నవాళ్లు పెయ్యలకు ఆవుల కంటే మూడు నాలుగు వారాల ముందే సూది వేయించేది అందుకే.

పెయ్యల విషయంలో వయసు కంటే బరువు ముఖ్యం. పెద్ద ఆవు బరువులో 55 నుంచి 65 శాతానికి చేరాలి, సూది సీజన్‌కు ముందే ఒకటి రెండు ఎదలు వచ్చి ఉంటే ఇంకా మంచిది.

ఎద చూసి వేయడమా, టైం పెట్టి వేయడమా

ఎద చూసి వేసే పద్ధతి పాతది, చవకైనది. పక్క ఆవు ఎక్కుతుంటే కదలకుండా నిలబడడమే నమ్మదగిన గుర్తు. తీగలు కారడం, అరవడం, మేత మానడం తోడుగా చూడవలసినవి. నిలబడే ఎద మొదలైన దాదాపు 28 గంటలకు అండం విడుదలవుతుంది. అండం కొద్ది గంటలే పనికొస్తుంది, వీర్యకణాలకు మాత్రం లోపల సిద్ధం కావడానికి ముందే కొన్ని గంటలు కావాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అన్న పాత సూత్రం ఇందులోంచే వచ్చింది.

దీని లోపమల్లా మనిషి కళ్లు. రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున ఒకసారి, మసక చీకట్లో ఒకసారి, కనీసం అరగంట చొప్పున వేరే పనేదీ పెట్టుకోకుండా చూడాలి. మేత వేస్తూ చూశాం అంటే చూడనట్టే. మూపురం ఉన్న జాతుల్లో ఎద తక్కువ సేపుంటుంది, తరచూ రాత్రిపూట వస్తుంది. ఒంగోలు పశువుల నుంచి వచ్చిన నెలోర్ జాతి ఎక్కువగా ఉన్న బ్రెజిల్‌లో, టైం పెట్టి వేసే పద్ధతి అంత విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం.

టైం పెట్టి వేసే పద్ధతిలో మందులతో మంద ఎదను ఒక చోటికి తెస్తారు. ఆవులకు బాగా వాడుకలో ఉన్న ఒక క్రమం ఇది: మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్ (అండం విడుదలను కదిలించే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి, ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరికరాన్ని యోనిలో పెట్టడం, ఏడు రోజుల తర్వాత దాన్ని తీసి, ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వడం, 60 నుంచి 66 గంటల తర్వాత రెండో జీఎన్‌ఆర్‌హెచ్‌తో పాటు సూది. పెయ్యలకు చివరి విరామం తక్కువ, 54 గంటలకు అటూ ఇటూ. మందులు దేశాన్ని బట్టి మారతాయి. బ్రెజిల్‌లో ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ వాడతారు, యూరప్‌లో మాంసపు పశువులకు అది నిషేధం. కాబట్టి క్రమాన్ని మీ పశువైద్యుడే రాసివ్వాలి. బాగా మేపిన మందల్లో ఒక్క సూదికి సగం నుంచి అరవై శాతం వరకు నిలుస్తాయి. ఎదకు రాని కొన్ని ఆవుల్ని కూడా ప్రొజెస్టిరాన్ పరికరం కదిలిస్తుంది. ఖర్చు, పశువుల్ని మూడుసార్లు కొట్టంలోకి తోలడం, గంటల లెక్క తప్పకపోవడం, ఇవీ దీని భారాలు.

ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది, నాకు బాగా నచ్చేది అదే. పరికరం తీసిన రోజు తోక మొదట్లో రుద్దితే రంగు తేలే స్టిక్కర్ అంటిస్తారు. నిర్ణయించిన టైంకి స్టిక్కర్ సగానికి పైగా అరిగిన వాటికి సూది వేసి, మిగతావాటిని ఇంకో 20 నుంచి 24 గంటలు ఆపి వేస్తారు. ఎద చూపించిన పశువులో చూలు నిలిచే శాతం సాధారణంగా ఎక్కువే. ఖరీదైన స్ట్రాలు స్టిక్కర్ అరిగిన వాటికి, మామూలువి మిగతావాటికి అని కూడా పంచుకోవచ్చు.

ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే ఇచ్చి ఎద చూడడం అన్నిటికంటే చవక. కానీ ఎద వచ్చి అయిదారు రోజులు దాటని ఆవు మీద అది పనిచేయదు, అసలు ఎదకే రాని దాని మీదా పనిచేయదు, చూడి పశువుకు ఇస్తే చూలు పోతుంది. ఆ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, మిగతావాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

స్ట్రా బయటికి తీసిన దగ్గర్నుంచి

వీర్యం ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెడిపోవడం మొదలయ్యేది చాలాసార్లు ట్యాంక్ మెడ దగ్గరే. కావలసిన స్ట్రా కోసం స్ట్రాలుండే గొట్టాన్ని పైకెత్తి వెతుకుతూ కూర్చుంటే, ఆ గొట్టంలో మిగిలినవన్నీ కొంత దెబ్బతింటాయి, మళ్లీ కిందికి దించినా ఆ నష్టం పూడదు. ఏ గొట్టంలో ఏ ఆంబోతు ఉందో కాగితం మీద రాసి ట్యాంక్‌కు కట్టుకుంటే వెతుకులాటే ఉండదు. ట్యాంక్ మెడలో మంచు పట్టే గీత దాటకుండా గొట్టాన్ని పట్టుకుని, పట్టకారుతో ఒక్క స్ట్రా లాగి, పది సెకన్ల లోపు గొట్టాన్ని దించేయాలి.

స్ట్రాను 35 నుంచి 37 డిగ్రీల నీళ్లలో కనీసం 30 నుంచి 45 సెకన్లు ఉంచాలి. నీటి వేడిని థర్మామీటర్‌తోనే చూడాలి, వేలు పెట్టి చూస్తే కుదరదు. తీశాక తడి లేకుండా పూర్తిగా తుడవాలి, చుక్క నీరు కూడా కణాల్ని చంపుతుంది. గాలి బుడగ ఉన్న వైపు కొనను వంకర లేకుండా సూటిగా అడ్డంగా కత్తిరించాలి. వంకరగా తెగితే, వీర్యం వదిలే గన్ మీద తొడిగే షీత్‌లో సరిగా కూర్చోక వీర్యం వెనక్కి కారుతుంది. చలికాలంలో గన్‌ను ముందే వెచ్చబరిచి చొక్కా లోపల పెట్టుకుని నడవడం అనుభవజ్ఞుల పద్ధతి. కరిగించిన స్ట్రా పది పదిహేను నిమిషాల్లో ఆవులో పడాలి. ఒకేసారి పది స్ట్రాలు కరిగించి వరుసలో పెట్టుకునే వేగం వద్దు.

గన్ కొన గర్భాశయ ముఖద్వారాన్ని దాటీ దాటగానే ఆగి, అయిదు సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. లోతుగా పోతే గర్భాశయపు రెండు కొమ్ముల్లో ఒకదానిలోకే పోతుంది, ముందే వదిలితే ముఖద్వారంలోనే ఉండిపోతుంది. ఒకే మనిషి వరసగా చాలా పశువులకు వేస్తే చెయ్యి అలసి ఈ చివరి అంగుళమే తప్పుతుంది. పెద్ద మందకు ఇద్దర్ని పిలిపించడం ఖరీదైన ఆంబోతు కొనడం కన్నా లాభం.

సూది తర్వాత

పిండం గర్భాశయానికి అంటుకునే కాలం సున్నితమైనది. లారీ ఎక్కించాలంటే సూది వేసిన నాలుగు రోజుల్లోపు, లేదా నెలన్నర దాటాక. అలాగే పెయ్యల్ని దాణా మేపే చోటి నుంచి ఒక్కసారిగా పచ్చిక మీదికి వదిలితే బరువు తగ్గి పిండం పోవచ్చు, మేతలో మార్పు ముందే చేసుకోవాలి. సజీవ టీకాలేవైనా ఉంటే సీజన్‌కు నెలన్నర ముందే ముగించాలి.

మిగిలిన వాటికోసం మందలోకి ఆంబోతును వదిలేదుంటే సూది తర్వాత పది నుంచి పద్నాలుగు రోజులు ఆగండి. అప్పుడు ఏ దూడ ఎవరిదో ఈనిన తేదీని బట్టే తెలుస్తుంది. స్కాన్‌తో చూడి పరీక్ష 30 రోజులకే చేయొచ్చు.

పరీక్షలో ఖాళీగా తేలిన వాటిని ఒక కాగితం మీద గుంపులుగా రాయండి. ఎక్కువ తొలి ఈతవో, చిక్కినవో అయితే లోపం మేతలో ఉంది. ఒకే మనిషి వేసినవైతే చేతిలో, లేదా స్ట్రా కరిగించిన తీరులో ఉంది. వేసిన మనుషులు, పశువుల రకాలు వేరైనా ఒకే ఆంబోతు స్ట్రాలు మాత్రమే విఫలమైతే, అప్పుడు ఆ ఆంబోతును అనుమానించండి. అయితే ఒక్కో ఆంబోతుకు పదేసి ఆవులే వచ్చినప్పుడు, ఒకదానికి ఆరు, ఇంకోదానికి నాలుగు నిలిచాయన్న తేడా అదృష్టం వల్ల కూడా వస్తుంది. అంత కొద్ది లెక్కతో ఆంబోతును మార్చకండి, రెండు మూడు సీజన్ల రికార్డు కలిపి చూడండి.